అనుమానం కాపాడిన బల్బు

మాస్టారు పోయారన్న కబురు నాకు ఫోన్‌లో మెసేజ్‌గా వచ్చింది. నేను నమ్మలేదు. మా అరకు షాపులవాళ్ల వాట్సాప్ గ్రూపులో అంతకుముందు రెండుసార్లు బతికున్నవాళ్లకి దండలు వేసేశారు. పైగా ఆ మెసేజ్‌లో పెట్టిన ఫోటో ఎవరిదో పెళ్లిలో ఫోన్‌తో తీసింది. పక్కవాళ్ల భుజం సగం అందులోనే ఉండిపోయింది. ఇంత హడావిడిగా కోసిన ఫోటోని నిజం చావుకి పెడతారా అని నాకు అనుమానం వచ్చింది. మాస్టారి భార్యకి, నేను అమ్మగారూ అని పిలిచే ఆవిడకి, ఫోన్ చేశాను. ఆవిడ ఎత్తి, "ఔనమ్మా, పొద్దున్న ఆరింటికి. ఆ ఉబ్బసమే. నువ్వు బేగి రా" అన్నారు. అప్పటికీ నేను, "డాక్టరే చెప్పారా అమ్మగారూ?" అని అడిగాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆవిడ మాత్రం ఏమీ అనుకోలేదు. "ఆయన దగ్గిర పని నేర్సుకున్నదానివి. అలాగే అడుగుతావులే" అన్నారు.

ఆ ఒక్క మాటతో ఆయనెలాంటి మనిషో సగం చెప్పినట్టే. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను.

అరకులో రైలు స్టేషన్ నుంచి సంతకి నడిచే దారిలో ఆయన ఫోటో స్టూడియో తెలియని కొండ ఊరు లేదు. ముందు గదిలో కంప్యూటరు, ప్రింటరు, ఆధార్‌కీ బ్యాంకు పుస్తకాలకీ కావలసిన చిన్న ఫోటోలు. తొమ్మిదేళ్లుగా ఆ గది నాది. వెనక నల్లగుడ్డ పరదా, పరదా వెనక చెక్క తలుపు, తలుపు వెనక డార్క్ రూమ్. అది ఆయనది. కుర్రతనంలో ఎస్.కోట నుంచి కిరండూల్ పాసింజర్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్న ఎన్‌లార్జర్ అందులో ఉండేది. నెగటివ్‌లో ఉన్న బొమ్మని పెద్దది చేసి కింద కాగితం మీదికి దించే యంత్రం అది. దాని తలలో ఒక బల్బు ఉంటుంది. మా ఇద్దరి మధ్యా తొమ్మిదేళ్లు నడిచిందంతా ఆ బల్బు చుట్టూనే నడిచింది.

అది ఇళ్లలో పెట్టుకునే బల్బు కాదు. గాజు పాలలా తెల్లగా ఉంటుంది, నెత్తి మీద కంపెనీ అచ్చు ఉండదు. అచ్చు ఉంటే ఆ అక్షరాల నీడ ఫోటోలో పడుతుంది. మాస్టారు ఒకసారి మామూలు బల్బు తెచ్చి, పళ్లపొడితో అచ్చుని రుద్ది రుద్ది పోగొట్టి, పెట్టి చూశారట. ఎవరి తాతగారి నుదుటి మీదో మచ్చ వచ్చింది. దాంతో ఆ ప్రయోగం మానేశారు. నేను చేరేనాటికే ఆ పాల బల్బులు ఇక రావని విశాఖ షాపువాళ్లు చెప్పేశారు. ఆయన ఆ మాటా నమ్మలేదు. దాచుకుని లేవంటున్నారని చాన్నాళ్లు వాళ్ల చుట్టూ తిరిగారు. చివరికి మిగిలినవి మూడు. ఎన్‌లార్జర్‌లో ఒకటి, ముందు గది అరలో రేకు డబ్బాలో దూది చుట్టి రెండు. ఆ డబ్బా మూత మీద నల్లదారం ముక్క ఒకటి అడ్డంగా పడి ఉండేది. చెత్త అనుకుని నేను మొదటి వారమే దులిపేశాను. ఆయన డబ్బా వైపు చూసి, దారం లేని మూత వైపు చూసి, నా వైపు చూశారు.  మర్నాడు కొత్త దారం పడి ఉంది.

"బల్బు వెలిగి సావదే గుంటా. వెలిగించగా సత్తాది" అనేవారు. లోపలి తీగ చల్లగా ఉన్నప్పుడు కరెంటు ఒక్కసారిగా దూకడమే దానికి గండం అని ఆయన లెక్క. అందుకని ఎన్‌లార్జర్ వైరుకి పాతకాలపు ఫ్యాన్ రెగ్యులేటర్ ఒకటి కట్టారు, ఇటుకంత బరువుండే నల్ల డబ్బా. ముందు ఒకటి మీద పెట్టి తీగ ఎర్రబడే దాకా ఆగాలి. తర్వాత రెండు, మూడు, నాలుగు. అయిదుకి తిప్పింది నేను చూడలేదు. నాలుగు మీద వెలుగు పచ్చగా, నీరసంగా ఉండేది. కాగితానికి రెట్టింపు సేపు చూపించాల్సి వచ్చేది. నేను విసుక్కుంటే, "మనకేటి తొందర? రైలు పోతందా?" అనేవారు.

రైలు మాట ఊరికే రాలేదు. ఆయనకి గడియారాల మీద కూడా నమ్మకం లేదు. లెక్కంతా అరకు ఎక్కే దారిలోని రైలు స్టేషన్లతోనే. బొడ్డవర, శివలింగపురం, టైడా, చిమిడిపల్లి, బొర్రా, కరకవలస, సిమిలిగుడ, అరకు. ఒక్కో పేరూ ఒకే నిదానంతో పలికితే ఎన్నిసార్లు పలికినా సమయం తేడా రాదు. ఒకసారి వెలిగించిన బల్బుని ఆ పూట పని అయ్యేదాకా ఆర్పేవారు కాదు. లెన్సు కింద నల్ల అట్టముక్క అడ్డం పెట్టి ఉంచి, తీసి, పెదాలు కదుపుతూ కొండెక్కి, మళ్లీ అడ్డం పెట్టేవారు. కాగితం కాగితానికీ స్విచ్ వేసి ఆర్పే టైమర్ని ఎవరో బహుమతిగా ఇస్తే అట్టపెట్టెలోంచి పైకి తియ్యలేదు. "బల్బుల్ని సంపడానికి కనిపెట్టినారు దీన్ని" అని తేల్చేశారు. నేను తీసిన ప్రింటు వెలవెలబోతే, "టైడాలోనే దిగిపోయినావేటి?" అని నవ్వేవారు.

వేడి మీద ఉండగా ఎన్‌లార్జర్ తలని అంగుళం కూడా జరపనిచ్చేవారు కాదు. తీగ మెత్తబడి ఉంటుంది, కుదిపితే తెగుతుంది. హోల్డరు వదులైతే నిప్పు రవ్వలు కొడుతుందని నెలకోసారి దాన్ని విప్పి తుడిచేవారు. బల్బుని వేళ్లతో ముట్టుకోకూడదు, పాత పంచె ముక్కతో పట్టుకోవాలి. ఇలాంటి బల్బుకి వేలిముద్రలు పడినా ఏమీ కాదని నేను ఎక్కడో చదివి చెప్పాను. "రాసినోడి దగ్గిర ఎన్ని బల్బులున్నాయో అడిగినావా?" అన్నారు. పంచె ముక్క అలాగే ఉంది.

ఇక కొండల్లో కరెంటు సంగతి చెప్పాలా? అనంతగిరి ఘాటీలో ఎక్కడో కొమ్మ విరిగితే ఇక్కడ చీకటి. కరెంటు పోగానే లోకమంతా కొవ్వొత్తి వెతుక్కుంటుంది, మేము పరిగెత్తి ప్లగ్ పీకేవాళ్లం. పోయినదానికి భయం లేదు, తిరిగొచ్చేటప్పుడు అది ఒళ్లు తెలియకుండా వస్తుంది. వచ్చాక కూడా వోల్టేజి చూపించే గోడ మీటరు ముల్లు ఒకచోట నిలబడే దాకా, టీ తాగేంత సేపు ఆగాలి. ఆ మీటరు మీద అనుమానం వచ్చి ఆయన పక్కన రెండోది పెట్టారు. రెండూ రెండు అంకెలు చూపించాయి. ఇక రెంటినీ వదిలేసి, గదిలో లైటు రంగు చూసి సరే అనేవారు.

ఇదంతా చదివి ఆయన్ని చాదస్తం మనిషి అనుకుంటారేమో. నేనూ అనుకున్నాను. అంతకంటే చెడ్డగా కూడా అనుకున్నాను. అది చెప్పాలంటే నా సంగతి చెప్పాలి.

మాది అరకుకి పైన కొండ ఊరు. కాఫీ, రాగులు, కొంచెం పసుపు. నాకు ఆరేళ్లప్పుడు మా అమ్మ పోయింది. మా ఊళ్లో మనిషి పోతే వాళ్లు వాడిన వస్తువులు వాళ్లతోనే పంపిస్తాం. చీరలు, దువ్వెన, గిన్నె, అన్నీ పూడ్చిన చోటే వదిలి వెనక్కి చూడకుండా వచ్చేస్తాం. మా అమ్మకి ఒకే ఒక్క ఫోటో ఉండేది. సంతలో కొండచీపుర్లు అమ్ముతున్నప్పుడు మాస్టారు తీసి ఇచ్చినది. తన రేకుపెట్టెలో పెట్టుకుంది కాబట్టి మా నాన్న దాన్నీ వస్తువుల్లో కలిపి వదిలేసి వచ్చాడు. పెద్దయ్యాక నేను అడిగితే, "దాని బొమ్మే కదా. దానిది దానికిచ్చేసినాం" అన్నాడు. తప్పు పట్టడానికి లేదు. చనిపోయిన మనిషి ఫోటో చనిపోయిన మనిషిదా, ఉన్నవాళ్లదా అని అప్పుడు ఎవరికీ తోచలేదు. నాకు మాత్రం అమ్మ మొహం గుర్తు లేదు. చెయ్యి గుర్తుంది, పొగాకు వాసన గుర్తుంది. మొహం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

దాని నెగటివ్ మాస్టారు తాళం వేసి ఉంచే పెట్టెలో ఉంటుందని నాకు తెలుసు. దానికోసమే స్టూడియోలో పనికి చేరాను. ఆ మాట ఆయనకి చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని మైదానం వాళ్లు అడుగుతారు. కొండ మీదవాళ్లు అడగరు. సంతకి దిగేటప్పుడు మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం, కావలసినదాని వైపు చూడకు. దుప్పటి కావాలంటే గొడుగు చూడు, గొడుగు బేరం చెయ్యి, పోయేటప్పుడు దుప్పటిని ఊరికే ముట్టుకో. నీ కళ్లు దేని మీద ఆగాయో షావుకారు కనిపెట్టాడంటే అది ఇక నీది కాదు. నేను ఆ పాఠాన్నే పట్టుకుని స్టూడియోకి వచ్చి, కంప్యూటర్ పని నేర్చుకుంటానన్నాను. మాస్టారు కళ్లద్దాల పైనుంచి చూశారు.

"ఏ ఊరు?" చెప్పాను.

"ఎవులు పంపినారు?"

"ఎవరూ పంపలేదు మాస్టారూ."

"ఎవులూ పంపకుండా ఎవులొస్తారే?"

మూడుసార్లు అదే అడిగారు. పంపినవాళ్లెవరో ఉన్నారని ఆయనకి గట్టిగా అనుమానం. ఆ అనుమానానికి కారణం తర్వాత అమ్మగారు చెప్పారు. నేను చేరడానికి కొన్నేళ్ల ముందు పట్నం నుంచి ఒకాయన వచ్చాడట. నెగటివ్‌లు కంప్యూటర్లో ఎక్కించి భద్రంగా తిరిగిస్తానని ఒక డబ్బా తీసుకెళ్లాడు. డబ్బా రాలేదు. రెండేళ్లకి ఒక రిసార్టు గోడల మీద ఆ బొమ్మలు తలుపులంత పెద్దవి అయి కనిపించాయి, ఊరూ పేరూ లేకుండా. ఆ రిసార్టులో గదులు ఊడ్చే ఆవిడే ఒక బొమ్మలో పడుచుపిల్లగా నవ్వుతోంది. ఇది నేనే అని ఆవిడ చెబితే సూపర్‌వైజర్ నమ్మలేదు. ఆవిడ నేరుగా మాస్టారి దగ్గరికి వచ్చి, "నన్ను అమ్మీసినావా బాబూ?" అని అడిగింది. ఆ తర్వాత ఆయన నెగటివ్‌ని గుమ్మం దాటించలేదు. ఫోన్‌తో ఫోటో తీసుకుంటామన్నా ఒప్పుకోలేదు. ప్రింటు కావాలంటే ఆ ఎన్‌లార్జర్ కింద, ఆ బల్బు వెలుగులో, ఆయన చేత్తోనే. అందుకే బల్బు పోతే ఇన్ని ఊళ్ల మొహాలు పెట్టెలోనే ఉండిపోతాయని ఆయన భయం. చాదస్తం కాదు, భయం.

కొండ ఊళ్ల నుంచి జనం వచ్చేవారు. మా అయ్య ఫోటో, మా అక్క ఫోటో అని. మాస్టారు వాళ్లని కూర్చోబెట్టి పోలీసులా అడిగేవారు. ఏ సంతలో తీశాను? ఏం కట్టుకున్నారు? పక్కన ఎవరున్నారు? జవాబులు కుదిరితే సంతరోజు మధ్యాహ్నం బల్బు వెలిగేది. ఇది నేను ఎన్నోసార్లు చూశాను. అయినా అడగలేదు. నా భయం నాది. అమ్మ ఏం కట్టుకుందని అడిగితే నేనేం చెప్పను? మా నాన్నని అడిగితే ఒకసారి ఎర్రచీర అన్నాడు, ఒకసారి పచ్చది అన్నాడు. కన్నతల్లి ఆనవాలు చెప్పలేనిదానివి, నువ్వు కూతురివేనా అంటారేమో అనుకున్నాను. ఆ మాట పడటం కన్నా దొంగగా ఉండటమే నయమనిపించింది.

రెండో ఏడు ఆయన బంధువుల పెళ్లికి ఎస్.కోట దిగినప్పుడు పెట్టె తెరిచాను. తాళంచెవి ఎక్కడ ఉంటుందో అప్పటికి కనిపెట్టేశాను. లోపల వరసలు వరసలుగా కవర్లు. ఒక్కదాని మీదా పేరు లేదు. పెన్సిల్‌తో ఏవో గుర్తులు. ముళ్లున్న గుండ్రం ఒకటి, కాళ్లు లేని పురుగు లాంటిది ఒకటి, కింద ముడిపడ్డ నాలుగు గీతలు ఒకటి. నా ఒళ్లు మండిపోయింది. నేను వెతుకుతానని తెలిసే రహస్య భాషలో రాసి పెట్టుకున్నాడీ ముసలాయన అనుకున్నాను. నాలుగైదు కవర్లు తీసి కిటికీ వైపు పట్టి చూశాను. నెగటివ్‌లు అద్దంలా శుభ్రంగా ఉన్నాయి. కానీ నల్ల మొహాలు, తెల్ల జుట్టు, తిరగబడ్డ మనుషులు. అందులో అమ్మ ఎవరో ఎలా తెలుస్తుంది? మూసేశాను. ఎవరైనా తెరిస్తే జారి పట్టిచ్చే దారం పెట్టె మీద కూడా ఉంటుందని అప్పుడు తోచలేదు. ఆయన తిరిగొచ్చిన మర్నాడు పెట్టెకి కొత్త తాళం వేసి ఉంది.

నేను తెరిచానని ఆయనకి తెలుసు. తెలుసని నాకు తెలుసు. ఇద్దరం దాని గురించి మాట్లాడలేదు. పాత నెగటివ్‌లు కొన్ని వేద్దాం మాస్టారూ అని నేను ఎప్పుడైనా దారి తీస్తే, "బల్బు అయిపోతాది" అనేవారు. సాకు అనుకునేదాన్ని. ఆ మూడు బల్బుల్లో ఒకటి మూడో ఏడు పోయింది, ఇంకొకటి ఏడో ఏడు. పోయిన ప్రతిసారీ ఆయన దాన్ని చెవి దగ్గర ఊపి, తెగిన తీగ చప్పుడు విని, నా వైపు తిరిగి, "ఏటి సేసినావు?" అని అడిగారు. నేనేమీ చెయ్యలేదు.

అయినా అన్నిటితోపాటు ఆయన నాకు పని నేర్పారు. అది దాచను. డార్క్ రూమ్‌లోకి మూడో ఏడు రానిచ్చారు. ట్రేలో కాగితాన్ని ఎలా ఊపాలో, బొమ్మని నిలబెట్టే హైపో మందులో ఎంతసేపు ఉంచాలో, చేతివేళ్లు పసుపురంగు తిరగకుండా ఎలా కడుక్కోవాలో అన్నీ చూపించారు. ఆయన వేళ్లు మాత్రం ఎప్పుడో గోధుమరంగు తిరిగిపోయాయి. నాకు జ్వరం వస్తే అమ్మగారి చేత గంజి పంపించి, నేను తాగానో లేదో అని గిన్నె చూడటానికి వచ్చేవారు. ఆయన అభిమానానికి కూడా అనుమానమే తోడు.

పోయిన వానాకాలం ఉబ్బసం ముదిరింది. ఆసుపత్రిలో పది రోజులుండి వచ్చారు. వచ్చిన రోజు మధ్యాహ్నం ముందు గదిలో నా ఎదురుగా కూర్చుని, రొప్పుతూ, "ఒకటి అడుగుతాను, నిజం సెప్పు. నువ్వు ఆ పట్నపోడి మనిషివా?" అన్నారు.

 తొమ్మిదేళ్లు. నేను పెట్టిన టీ తాగుతూ తొమ్మిదేళ్లు ఈయన ఇదా అనుకుంటున్నది? కోపం ఆగలేదు. "నేను ఎవరి మనిషినీ కాదు. మా అమ్మ ఫోటో కోసం వచ్చాను. మీ పెట్టెలో మా అమ్మ ఉంది" అని అరిచాను. పక్క షాపు దాకా వినపడి ఉంటుంది.

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అడిగితే ఇచ్చీవోణ్ణి కదే. అడగడానికేటి?" అన్నారు.

"నాకు ఆరేళ్లప్పుడే పోయింది. అమ్మ ఏం కట్టుకుందో నాకు తెలీదు. మీరు అడుగుతారు కదా."

"ఆరేళ్ల గుంటని అదెవులడుగుతారే" అన్నారు. ఆయన గొంతు ఎప్పుడూ అలా వినలేదు. "ఏటమ్మేది మీ యమ్మ? అదొక్కటి సెప్పు."

"కొండచీపుర్లు."

లేచారు. పెట్టె తెరిచి, అడుగు వరసలోంచి ఒక గుప్పెడు కవర్లు తీశారు. అన్నిటి మీదా అదే గుర్తు, కింద ముడిపడ్డ నాలుగు గీతలు. చీపురుకట్ట. ముళ్ల గుండ్రం పనసకాయ. పురుగు అనుకున్నది పసుపుకొమ్ము. సంతలో ఫోటో తీయించుకున్నవాళ్ల పేర్లు ఆయనకి తెలియవు. ఎవరు ఏం తెచ్చి అమ్మారో అది గీసుకున్నారు, అంతే. నా కోసం ఆయన ఏ రహస్య భాషా కనిపెట్టలేదు. ఏడేళ్ల కిందట ఆ చీపురుకట్టని నేను చేత్తో పట్టుకుని, మోసం అనుకుని, తిరిగి పెట్టేశాను.

కవర్లు విప్పి ఒక్కో నెగటివూ కిటికీకి పట్టి చూస్తూ, మధ్యమధ్య నా మొహం చూస్తూ పోయారు. అయిదో ఆరో దాని దగ్గర ఆగారు. "ఇదే. సూడు, నన్ను నమ్మనట్టు సూత్తన్నాది" అన్నారు. అన్నాక ఆయన మొహం మారింది. నెగటివ్‌ని నా చేతికిచ్చారు. దాని మీద బూజు, సన్నటి వేర్లలాగా ఒక పక్కంతా పాకి ఉంది. అడుగు వరసలో కవర్లన్నిటికీ ఆ వానలకే పట్టింది. అంతకుముందు ఏడు దాకా బాగానే ఉన్నాయట.

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. "మనుసుల్ని అనుమానించినాను. వానని అనుమానించనేదు" అన్నారు.  మొదటి రోజే నోరు విప్పి అడిగి ఉంటే మా అమ్మ మొత్తంగా నాకు దొరికేది. ఆ తప్పు సగం నాది. సగం కంటే ఎక్కువే.

ఆ సాయంత్రం నాలుగింటికి డార్క్ రూమ్ తలుపు వేశాం. ఆయన నిలబడలేకపోయారు, స్టూలు మీద కూర్చుని చెబుతుంటే నేను చేశాను. మిగిలిన ఆఖరి బల్బు అది. కాగితం పాతది, నెగటివ్ మసక. ఒకటి, రెండు, మూడు, నాలుగు. కింద పరిచిన తెల్ల కాగితం మీద వెలుగు చాలక బొమ్మ ఎక్కడుందో తెలియలేదు.

"అయిదుకి తిప్పు" అన్నారు.

"మాస్టారూ, బల్బు..."

"తిప్పమన్నానా! ఇంకెవులి కోసం దాసుకోవాలి?"

తిప్పాను. ఆ గది అంత తెల్లగా వెలగడం నేనెప్పుడూ చూడలేదు. తర్వాత ఎర్రలైటు కింద కాగితం పరిచి, అట్టముక్క తీసి, ఆయన స్టేషన్లు పలుకుతుంటే నేనూ కలిశాను. బొడ్డవర, శివలింగపురం, టైడా. అరకు వచ్చినా ఆయన ఆగలేదు, గోరాపూర్ కూడా దాటించారు. కరెంటు పోలేదు. బల్బూ పోలేదు. అది ఇప్పటికీ వెలుగుతోంది. ఆయన పోయాక అమ్మగారు తాళాలు నా చేతిలో పెట్టారు. చీపుర్లు, పనసకాయలు, పసుపుకొమ్ములు అన్నీ బూజు తుడుచుకుంటూ ఒక్కొక్కటే పైకి తీస్తున్నాను. ఎవరైనా గుమ్మంలో నిలబడి ఫ్రేములు చూస్తున్నట్టు నటిస్తే, ఎవరి ఫోటో కావాలని నేనే అడుగుతున్నాను.

ఆ సాయంత్రం ట్రేలో కాగితం ఊపుతుంటే ముందు చీపురుకట్ట వచ్చింది. తర్వాత భుజం, ముక్కుపోగు. తర్వాత మొహం. ఎడమ సగమంతా నల్లటి తీగలు అల్లుకుపోయాయి, కన్ను ఎక్కడుందో కూడా తెలియదు. ఆ నలుపు ముందు కళ్లకి కొడుతుంది, మిగతా సగాన్ని చూడనివ్వదు. నేను ఏడ్చేశాను. ఇంతేనా అని గట్టిగానే ఏడ్చాను. మాస్టారు స్టూలు మీదనుంచి లేచి, ట్రేలోకి చెయ్యి చాచి, గోధుమరంగు వేళ్లున్న అరచేతిని ఆ పాడైన సగం మీద పరిచారు. "ఇప్పుడు సూడు" అన్నారు. చేతి పక్కనుంచి మా అమ్మ ఒంటికన్నుతో, కనుబొమ ముడిచి, కెమెరా పట్టుకున్నవాడిని అస్సలు నమ్మకుండా చూస్తోంది. ఆ చూపు నేను రోజూ అద్దంలో చూసేదే.

మా నాన్న ఆ ఫోటో చూసి, "అదే" అన్నాడు. ఇచ్చేసినదాన్ని వెనక్కి తెచ్చినందుకు తిట్టలేదు. కొత్తగా పెట్టిన డిజిటల్ స్టూడియో వాళ్లు రెండో సగాన్ని కంప్యూటర్‌తో అతికిస్తామన్నారు. వద్దన్నాను, వాళ్లు అతికించేది ఎవరి కన్నో నాకు తెలియదు. ఫోటోని ఉన్నదున్నట్టే ఇంట్లో గోడకి పెట్టుకున్నాను. అమ్మని చూడాలనిపించినప్పుడు దగ్గరికెళ్లి ఆ నల్ల సగం మీద అరచెయ్యి పెడతాను. నా చెయ్యి చిన్నది. ఎలా పెట్టినా వేళ్ల పక్కనుంచి కొంత నలుపు బయటికి కనిపిస్తూనే ఉంటుంది. ఆయన చెయ్యి సరిపోయేది.